కాలువ గట్టున అరవై అయిదు వేల మీటర్ల కొండ

నెల్లూరు ట్రంకు రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందుల్లో ఒకప్పుడు డీటీపీ షాపులు చాలానే ఉండేవి. మిగిలినవి ఇప్పుడు ఫ్లెక్సీల మీద బతుకుతున్నాయి. వాటిలో ఒక షాపు యజమాని పేజ్‌మేకర్ కాలం మనిషి. శుభలేఖలు, జాతర పోస్టర్లు, కరపత్రాలు, కేబుల్ టీవీ ప్రకటనలు చేస్తూ వచ్చాడు, చేసినదేదీ పారేయలేదు. ఆయన మేనల్లుడు ఫోన్‌లో ఆడే గేమ్ ఒకటి తయారు చేస్తున్నాడు. 1950ల నాటి బకింగ్‌హాం కాలువ, కృష్ణపట్నం దగ్గర సరుకెక్కించుకున్న పడవ, పులికాట్ దాటి మద్రాసు చేరాలి. అదీ ఆట. ఆటకు బొమ్మలు కావాలి, మామ దగ్గర బొమ్మలున్నాయి. ఇక అడ్డేముంటుంది అనుకుంటాం. పాత ఫైళ్ళను గేమ్‌కు పనికొచ్చే రూపంలోకి మార్చే దగ్గర మొదలైన తగాదా ఆ సాయంత్రం తెమల్లేదు. వాళ్ళ మాటలే ఇక్కడ పెడుతున్నాను. నాకు రుచించిన చోట కాస్త ఎక్కువసేపు నిలబడ్డాను, అంతే.

అల్లుడు: మామా, నీ డిస్క్‌లో టిఫ్‌లు, పీసీఎక్స్‌లు, బీఎంపీలు, ఇంకా పేరు తెలియనివి అన్నీ కలగలిసి ఉండాయి. ఒక్క కమాండ్ కొడితే మొత్తం పీఎన్‌జీలు అయిపోతాయి. ఇమేజ్‌మ్యాజిక్ ఉండాది గదా. గేమ్ ఇంజిన్‌కి పీఎన్‌జీ ఇస్తే ఫోన్‌కు కావలసినట్టు అదే మార్చుకుంటుంది. దీనికి ఇంత ఆలోచన ఎందుకు?

మామ: కొట్టు కమాండ్. ఆ గంగమ్మ జాతర పోస్టర్ మీద కొట్టి చూపించు.

(కొట్టాడు. పసుపు రాసిన అమ్మవారి మొహం మీదికి నియాన్ దీపం కాంతి వచ్చి పడింది. వేపాకులు ప్లాస్టిక్ ఆకుపచ్చకు తిరిగాయి.)

మామ: చూశావా? అది నాలుగు ఇంకుల ఫైలు అబ్బయా. అందులో ఉండే అంకెలు వెలుగు ఎంతో చెప్పవు. కాగితం మీద ఏ ఇంకు ఎంత పడాలో చెబుతాయి. ఏ ఇంకు, ఏ కాగితం అనేది ప్రొఫైల్‌లో ఉంటుంది. నువ్వు దాన్ని అడక్కుండా నేరుగా లెక్కేసుకున్నావు. జేపెగ్‌లు ఇంకా విచిత్రం. ఫోటోషాప్ నాలుగు ఇంకుల జేపెగ్‌ని రాసేటప్పుడు అంకెలు తిరగేసి రాస్తుంది. ఆ సంగతి తెలియని ప్రోగ్రాంలో తెరిస్తే ఫిలిం నెగెటివ్ కనపడుద్ది.

అల్లుడు: అయితే ప్రొఫైల్ చూసుకుని మార్చమని ఇంకో మాట కలుపుతా. అదీ అదే కమాండ్‌లో పని. నువ్వు పెద్ద రహస్యం లాగా చెబుతుండావు.

మామ: రహస్యం కాదురా, లెక్క. టిఫ్ అంటే ఏమనుకుంటుండావు? మా పేజ్‌మేకర్ చేసిన ఆల్డస్ కంపెనీయే 1986లో తెచ్చింది. ఒక్కో స్కానర్ ఒక్కో రకంగా రాస్తుంటే అందరికీ ఒకటి ఉండాలని. అందులో ప్రతిదానికీ ఒక ట్యాగు ఉంటుంది. ఎన్ని బిట్లు, అంకెలు ఇంకు లెక్కా వెలుగు లెక్కా, ఇంచికి ఎన్ని చుక్కలు, అంకెలకు మైనస్ గుర్తు ఉందా లేదా. మరి నీ పీఎన్‌జీ యాడ పుట్టింది? జిఫ్ మీద యూనిసిస్ పేటెంట్ గొడవ 1994 చివర్లో బయటపడితే, దాని బదులు ఇంటర్నెట్‌లో బొమ్మలు పెట్టుకోవడానికి 1996లో వచ్చింది. మంచిదే, కాదనను. అయితే అందులో ఇంకుకి చోటు లేదు, మైనస్‌కీ చోటు లేదు.

అల్లుడు: బొమ్మలో మైనస్ ఎందుకొస్తుంది మామా!

మామ ఆ ప్రశ్నను అప్పటికి వదిలేశాడు. మైనస్ సంగతి మేనల్లుడే తర్వాత తన నోటితో బయటపెట్టుకోవలసి వచ్చింది. ఈలోగా పోస్టర్ గొడవే ఇంకాస్త సాగింది. అసలు ఫైలు దొరకని పోస్టర్లను మామ అచ్చయిన కాగితం నుంచి స్కాన్ చేసి పెట్టుకున్నాడు. అచ్చు బొమ్మంటే చుక్కలే గదా. ఆ స్కాన్‌ని గేమ్‌లో చిన్నది చేసినప్పుడు చుక్కల వరసలకూ ఫోన్ తెర చుక్కల వరసలకూ పొంతన కుదరక, బొమ్మ మీద లేని అలలు పాకుతాయి. కెమెరా కదిలితే అలలూ కదులుతాయి. స్కానర్ సాఫ్ట్‌వేర్లలో డీస్క్రీన్ అనే సదుపాయం ఉన్నది ఇందుకే. అయితే అది చుక్కలతో పాటు కనురెప్పలనూ కొంత మెత్తబరుస్తుంది.

మామ: అందుకే చెబుతుండా, కాగితం కోసం చేసిన పోస్టర్‌ని గేమ్‌లోకి లాగబాక. చూసి మళ్ళీ గీయించుకో.

అల్లుడు: గీయించుకునే డబ్బులుంటే నీ కాడికి ఎందుకొస్తాను? సరే, నీ పద్ధతి సంగతి నేనొకటి అడుగుతా. అసలు ఫైలు భద్రంగా పెట్టాలి, ముట్టుకోకూడదు అంటావు. ఆ బీరువాలో సీడీలు ఎన్ని తెరుచుకుంటుండాయి? ఫ్లాపీలకు బూజు పట్టింది. సముద్రం గాలికి ఏదైనా నిలబడుద్దా ఈ ఊళ్ళో? కోరల్‌డ్రా మరీ పాత వెర్షన్ ఫైళ్ళు కొత్త వెర్షన్ తెరవనంటుంది. కొడాక్ ఫోటో సీడీ అని 1992లో వచ్చింది, ఆ ఫైళ్ళు చదివే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు వెతుక్కోవాల. ఫ్లాష్‌కి 2020 డిసెంబర్ 31తో మద్దతు ఆగిపోయింది, అందులో చేసిన గేమ్‌లూ పోయాయి. అప్పుడే ఎవడో ఒకడు మొరటుగా అయినా పీఎన్‌జీ చేసి పెట్టుంటే ఈ రోజు నా చేతిలో ఉండేవి. నువ్వు కాపాడిన వాటికంటే నువ్వు కాపాడుతూ పోగొట్టినవే ఎక్కువ.

మామ: (కాసేపు మాట్లాడలేదు) అది నిజమే. కోరల్ ఫైళ్ళు అప్పుడే ఇంకో రూపంలో కూడా దాచి ఉండాల్సింది.

అల్లుడు: ఒప్పుకున్నావు గదా.

మామ: ఇంకో రూపంలో కూడా అన్నాను. దాని బదులు అనలేదు. ఆ పడవ బొమ్మ తీయి, పీసీఎక్స్‌ది.

పడవ బొమ్మ కేబుల్ టీవీ ప్రకటన కోసం గీసింది. 320 అడ్డం, 200 నిలువు, 256 రంగులు. మేనల్లుడు అప్పటికే దాన్ని మార్చి గేమ్‌లో పెట్టుకున్నాడు. పడవ పొట్టిగా, నొక్కినట్టు కనిపిస్తోంది.

మామ: ఆ పడవ నేను గీసింది కాదు.

అల్లుడు: నీదే మామా, ఒక్క చుక్క కూడా మారలేదు.

మామ: చుక్కలు మారలేదు, చుక్క ఆకారం మారింది. ఆ రోజుల్లో 320, 200 బొమ్మ నాలుగుకి మూడు వంతున ఉండే మానిటర్ నిండా పరుచుకునేది. అంటే ఒక్కో చుక్క చదరంగా ఉండేది కాదు, వెడల్పు కంటే ఎత్తు అయిదో వంతు ఎక్కువ. నీ ఫోన్‌లో చుక్క చదరం. నిలువు సాగదీయకుండా పెడితే తెరచాప కూలబడదా? రెండోది, ఆ ఫైలు చివరన 768 బైట్లలో రంగుల పట్టీ ఉంటుంది. బొమ్మలో ఉండేది రంగు కాదు, ఆ పట్టీలో వరస నంబరు. నేను కాలువ నీళ్ళకు పన్నెండు నంబర్లు వరసగా పెట్టి, పట్టీని తిప్పేవాడిని. బొమ్మ కదలదు, నీళ్ళు పారతాయి. పట్టీ మారిస్తే పగలు రాత్రి అవుద్ది. నువ్వు పూర్తి రంగుల పీఎన్‌జీ చేసేసరికి నంబర్లు పోయాయి. ఇప్పుడు రాత్రి కావాలంటే ఇంకో బొమ్మ గీయాల.

అల్లుడు: పీఎన్‌జీలో పట్టీ పెట్టుకునే వీలుంది మామా, అది నీకూ తెలుసు. ఇంజిన్ లోపలికి తీసుకునేటప్పుడు చాలాసార్లు దాన్ని విప్పేస్తుంది, అదీ చిక్కు. షేడర్‌లో నంబర్లను విడిగా చదివి పట్టీని ఇంకో చిన్న బొమ్మగా ఇస్తే నీ నీళ్ళు మళ్ళీ పారతాయి. ఇది చేస్తా, బాగుండాది. అయితే ఆ మెజెంటా సంగతేంది? పడవ చుట్టూ మెజెంటా నింపి, ఆ రంగు వచ్చిన చోట ఏమీ లేనట్టు అనుకోమన్నారు మీ కాలం వాళ్ళు. అంచుల దగ్గర సగం పడవ రంగు, సగం మెజెంటా కలిసిపోయుండాయి. నేను తీసేస్తే పడవ చుట్టూ గులాబీ గీత మిగులుతుండాది. పడవని చిన్నది చేస్తే ఇంకా వెడల్పు అవుతుండాది.

మామ: అప్పుడు అదే దారి. పారదర్శకం అని చెప్పే నాలుగో పొర ఆ ఫైల్లో లేదు.

అల్లుడు: అందుకే అంచు రంగునే బయటికి నాలుగు చుక్కల మేర పాకించి, ఆ తర్వాత పారదర్శకం చేశా. రంగును ముందే పారదర్శకతతో గుణించి పెట్టుకుంటే చిన్నది చేసినప్పుడు గీత రాదు. పోర్టర్, డఫ్ అనే ఇద్దరు 1984లోనే దీని లెక్కంతా రాశారు. ఇక్కడ పాత ఫైలుకి గౌరవం ఇచ్చి ఉన్నదున్నట్టు ఉంచితే బొమ్మ చెడిపోతుంది. మార్చడం వల్లే బాగుపడింది.

ఈ పోటీలో మేనల్లుడిదే పైచేయి అని నాకు అనిపించింది. అతను అక్కడితో ఊరుకోలేదు, మామకు అస్సలు మింగుడుపడని విషయం ఒకటి ఎత్తాడు. డిస్క్‌లో ఫైలు ఎంత చిన్నదైనా ఫోన్‌కు దానితో పనిలేదని.

మామ: ఎట్టా పనిలేదు? జేపెగ్ చేస్తే నాలుగు వందల కేబీ. పీఎన్‌జీ చేస్తే మూడు ఎంబీ. జేపెగ్ తేలిక గదా?

అల్లుడు: డౌన్‌లోడ్‌కి తేలిక. తెర మీదికి వచ్చేసరికి రెండూ విప్పుకుంటాయి. 2048 అడ్డం, 2048 నిలువు బొమ్మ, చుక్కకి నాలుగు బైట్లు. పదహారు ఎంబీ. దూరం నుంచి చూడ్డానికి సగం సైజువి, పావు సైజువి పక్కన పెట్టుకోవాలి, దానికి ఇంకో మూడో వంతు. ఇట్టాంటి బొమ్మలు ఇరవై పెడితే పాళెంలో పిల్లోడి ఫోన్ ఆగిపోద్ది. అందుకని గ్రాఫిక్స్ చిప్ విప్పకుండానే చదువుకునే రూపాలు ఉండాయి. ఏఎస్‌టీసీ అని ఆర్మ్, ఏఎండీ చేసింది, 2012 నుంచి ఉంది. బొమ్మను గళ్ళుగా కోసి, గడి ఎంత పెద్దదైనా 128 బిట్లే ఇస్తుంది. నాలుగుకి నాలుగు గడి అయితే ఖరీదు, పన్నెండుకి పన్నెండు అయితే చవక, మసక. ఆరుకి ఆరు పెడితే నీ పదహారు ఎంబీ రెండు ఎంబీ లోపలికి వస్తుంది. ఏఎస్‌టీసీ చదవడం రాని చిప్ ఉండే ఫోన్లకు ఈటీసీ2 అనే ఇంకో రూపం. చూశావా, మొదట జేపెగ్ చేసుంటే ఎనిమిదికి ఎనిమిది గళ్ళ మచ్చలు ఒకసారి, దాని మీద ఈ గళ్ళు ఇంకోసారి. గేమ్‌కి జేపెగ్ వద్దనేది అందుకు.

మామ: అయితే నువ్వు కూడా మంచి అసలు ఫైలు కావాలనే అంటుండావు!

అల్లుడు: ఒక్క అడుగు వెనక వరకే. పీఎన్‌జీ చాలు. టిఫ్ దాకా అక్కర్లేదు.

మామ: మరి ఆ నేల ఫైలు సంగతి? మొన్న రాత్రంతా తల పట్టుకుని కూర్చున్నావే, అది చెప్పు ఈయనకి.

ఇక్కడ మేనల్లుడు కొంచెం ఇబ్బంది పడ్డాడు. నాకు మాత్రం ఆ సాయంత్రం మొత్తంలో విలువైన ముక్క ఇదే.

కాలువ గట్లు, ఇసుక దిబ్బలు, ఉప్పు మళ్ళు నిజంగా ఉన్నచోటే ఉండాలని, హైదరాబాద్ ఎన్ఆర్ఎస్‌సీ వాళ్ళ భువన్ నుంచి కార్టోడెమ్ తెచ్చుకున్నాడు. కార్టోశాట్-1 తీసిన జంట చిత్రాల నుంచి లెక్కకట్టిన నేల ఎత్తుల పటం అది. ఆ ఉపగ్రహం 2005 మే 5న శ్రీహరికోట నుంచే ఎగిరింది. 618 కిలోమీటర్ల పైనుంచి ఒక కెమెరా ముందుకీ ఒకటి వెనక్కీ వంగి ఒకే నేలను రెండు కోణాల్లో చూసేవి. ఆ తేడా నుంచి ఎత్తు తెలుస్తుంది. ఫైలు టిఫ్ జాతిదే. ప్రతి చుక్కా దాదాపు ముప్పై మీటర్ల నేల, చుక్కలో ఉన్న అంకె దాని ఎత్తు. గేమ్ ఇంజిన్లు కూడా నేలను ఇలాంటి బూడిద రంగు బొమ్మగానే అడుగుతాయి. యూనిటీ అయితే పదహారు బిట్ల రా ఫైలు, కొలత 513, 1025, 2049 ఇలా రెండు ఘాతానికి ఒకటి కలిపి. అన్‌రియల్ అయితే పదహారు బిట్ల పీఎన్‌జీ కూడా తీసుకుంటుంది.

అల్లుడు: మొదట మామూలు పీఎన్‌జీ చేశాను. మొత్తం నల్లగా వచ్చింది. తూర్పున ఏమీ లేదు. పదహారు బిట్లకు మార్చి ఇంజిన్‌లో పెడితే తీరం మొత్తం కొండైపోయింది. అరవై అయిదు వేల చిల్లర. మైపాడు బీచ్ మీద నుంచి హిమాలయాల కంటే ఏడింతలు ఎత్తున గోడ లేచింది. ఉదయగిరి దుర్గం దాని కింద గుంటలో ఉంది.

మామ: ఎందుకట్టా వచ్చిందో చెప్పు.

అల్లుడు: ఫైల్లో మన తీరం ఎత్తు మైనస్‌లో ఉంది మామా. సుమారు మైనస్ ఎనభై నుంచి తొంభై. కార్టోడెమ్ ఎత్తు కొలిచేది సముద్రం నుంచి కాదు. భూమిని కొంచెం నొక్కిన నున్నటి బంతిలా ఊహించి ఒక గణిత ఆకారం పెట్టుకున్నారు, దాని నుంచి కొలుస్తారు. నిజం సముద్ర మట్టం ఆ ఆకారం మీద సమంగా ఉండదు. ఆకర్షణ తక్కువైన చోట కిందికి దిగుద్ది. ప్రపంచం మొత్తం మీద అది అన్నిటికంటే దిగిపోయింది శ్రీలంకకు దక్షిణాన, నూరు మీటర్లు దాటి. మనం ఆ పల్లం అంచున ఉండాము. అందుకని ఆ లెక్కలో నెల్లూరు తీరం ఎనభై మీటర్లకు పైగా లోతున ఉంటుంది. మైనస్ గుర్తు తెలియని పదహారు బిట్ల ఫైల్లోకి పోస్తే, మైనస్ ఎనభై ఆరు కాస్తా 65,450 అయి కూర్చుంది.

మామ: బొమ్మలో మైనస్ ఎందుకొస్తుంది మామా, అన్నావే ఇందాక!

అల్లుడు: అన్నాను. అయినా నా మాట పోదు. ఒక అంకె కలిపాను, గుర్తు తీసేశాను, సరిపోయింది. ఇప్పుడు ఫైలు శుభ్రంగా ఉంది.

మామ: ఏం కలిపావో యాడ రాసిపెట్టావు? రేపు పులికాట్ ముక్క ఇంకో ఫైల్లో వస్తుంది. దానికి ఇంకో అంకె కలిపితే అతుకు దగ్గర కాలువలో జలపాతం పడుద్ది. పీఎన్‌జీలో సున్నా అంటే సున్నా. అది సముద్రమా, నీ చేతి లెక్కా, దానికి తెలియదు. అసలు టిఫ్‌కి తెలుసు. ఇంకోటి, ఎనిమిది బిట్లకే కుదించావనుకో. అదే పటంలో పడమర వైపు ఉదయగిరి మూడువేల అడుగులు దాటి ఉంటుంది. వెయ్యి మీటర్లను 256 మెట్లకు పంచితే మెట్టుకి నాలుగు మీటర్లు. మన తీరం ఎత్తే మూడు నాలుగు మీటర్లు గదా! గట్టూ, ఉప్పు మడీ, దిబ్బా అన్నీ ఒకే మెట్టు మీద కూర్చుంటాయి. కొండలున్న ఊరోళ్ళకి ఎనిమిది బిట్లు చాలునేమో, మనకి చాలవు.

అల్లుడు: పదహారే వాడుతుండా. అయినా అందులో ఉన్నదంతా నిజమనుకోబాక. కెమెరా చూసింది నేలని కాదు, పైన కనిపించిన దాన్ని. తీరం పొడుగునా సరుగుడు తోటలు ఉండాయి గదా, వాటి తలలు నేలగా వచ్చాయి. చదునైన ఇసుకలో పది మీటర్ల గుట్టలు. గేమ్ నేలలో అవి ఉండకూడదు. నేను చేత్తో చదును చేశాను. నీళ్ళ మీద రెండు కెమెరాల చూపూ జతపడక గుంతలొచ్చాయి, అవీ పూడ్చాను. నీ అసలు ఫైలు అంత పవిత్రమేమీ కాదు.

మామ: పవిత్రం అని నేనెప్పుడన్నాను? ఎవరు ఏం పూడ్చారో తెలియాలన్నాను.

ఈ ఒక్క విషయంలో నేను మామ పక్షం. మేనల్లుడు ఎత్తులు సరిచేశాడు, చేయాలి కూడా. ఉన్నదున్నట్టు పెడితే ఆటే ఉండదు. అయితే ఇంజిన్‌లోకి వెళ్ళిన ఫైలు తన పుట్టుపూర్వోత్తరాలు చెప్పదు. దాన్ని చూసి వెనక్కి అసలును రాబట్టడం ఎవరివల్లా కాదు. ఇది ఉపగ్రహం పటానికి ఎంత నిజమో అమ్మవారి పోస్టర్‌కీ అంతే. పక్కన చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టుకోవడం ఆ కుర్రాడికి అయిదు నిమిషాల పని. చేయడని నా అనుమానం.

పాత పటాల సంగతి త్వరగానే తేలింది. గేమ్‌లో చూపించే చిన్న మ్యాప్ కోసం అమెరికా సైన్యం 1950లలో అచ్చువేసిన రెండున్నర లక్షల స్కేలు పటాలు కావాలనుకున్నాడు. వాటిని టెక్సాస్ విశ్వవిద్యాలయం స్కాన్ చేసి పెట్టింది, జేపెగ్‌లే ఉన్నాయి. ఊళ్ళ పేర్ల చుట్టూ మచ్చలు ముసిరినా అంతకంటే మంచిది దొరకదు. సర్వే ఆఫ్ ఇండియా షీట్లతో ఇంకో తంటా. నెల్లూరు ఊరు 80 డిగ్రీల రేఖకు ఇవతల 57ఎన్‌లో పడింది, మైపాడూ కృష్ణపట్నమూ అవతల 66బిలో, శ్రీహరికోట 66సిలో. మూడు కాగితాలు మూడు రకాలుగా పసుపెక్కి ఉంటాయి. రంగులు కలపడానికి ఇద్దరూ గొడవ లేకుండా కూర్చున్నారు, అదే ఆశ్చర్యం.

అల్లుడు: ఇక పేర్లు మామా. ప్రతి రేవు దగ్గరా బోర్డు ఉండాల, పడవ మీద పేరుండాల, తెలుగులో. యూనిటీలో టెక్స్ట్‌మెష్ ప్రో ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా కూర్చదు. 'కృష్ణపట్నం' అని టైప్ చేస్తే అక్షరాలు విడివిడిగా దిగుతాయి. గోడో 4 2023లో వచ్చాక అక్కడ సరిగ్గా వస్తుంది, నేను ఆ ఇంజిన్‌లో లేను. నీ కోరల్ అక్షరాలు తెరుచుకున్నంత వరకు ఇవ్వు, బొమ్మలుగా పెట్టుకుంటా.

మామ: ఇస్తాను. వాటిని కూడా ఆ గళ్ళలో పిండి, ఒత్తుల మధ్య సందులు పూడ్చి పెడతావు గదా?

అల్లుడు: పెట్టను. నీవి గీతలు, చుక్కలు కావు. ఎస్‌వీజీ చేసి, అంచు నుంచి ఎంత దూరమో చెప్పే బొమ్మగా మారుస్తా. వాల్వ్ కంపెనీ 2007లో చూపించిన పద్ధతి. చిన్న బొమ్మ చాలు, దగ్గరికెళ్ళినా అంచు చెదరదు.

మామ: అయితే ఆ ఫోల్డర్ తీసుకో. జాతర పోస్టర్ మాత్రం ఇవ్వను.

అల్లుడు: అట్టాగే పెట్టుకో. ఇంకొక్కటి. ఆ ఉపగ్రహం పటంలో నీళ్ళ పైమట్టమే ఉంది, కింద ఎంత లోతో లేదు. పడవ యాడ నేలకి తగులుద్దో తెలియకపోతే ఆటే లేదు. పులికాట్‌లో చాలా చోట్ల మీటరు లోతు ఉంటే గొప్ప. ఆ ఫైలు యాడ దొరుకుద్ది?

మామ: ఫైల్లో లేదు. పాళెంలో ముసలోళ్ళు ఉండారు, గెడ వేసి పడవ తోసినోళ్ళు. పోయి అడుగు.

అల్లుడు: అడిగి ఏ ఫార్మాట్‌లో పెట్టుకోవాల?

మామ: నోటుబుక్కులో. వాళ్ళు బారల్లో చెబుతారు, మోకాలి లోతు, మొల లోతు అని చెబుతారు. చెప్పింది చెప్పినట్టు రాసుకో. అక్కడే నిలబడి మీటర్లు చెయ్యబాక.

అల్లుడు: పక్క కాలమ్‌లో మీటర్లు వేసుకుంటా మామా, ఇంజిన్‌కి మోకాళ్ళు తెలియవు.

మామ: వేసుకో. మోకాళ్ళ కాలమ్ తీసెయ్యబాక.